పన్నెండు పాటల ఘంటసాల

మా ఇంట్లో చాలా ఏళ్లపాటు ఘంటసాల గారంటే పన్నెండు పాటలు. నాన్నగారు రాజమండ్రి మెయిన్ రోడ్డులో కొన్న ఎల్పీ అనే పెద్ద గ్రామఫోన్ రికార్డు అది. పక్కకు ఆరు పాటలు. ఆ వరస మాకు ఎంత బాగా ఎక్కేసిందంటే, ఇప్పటికీ అందులోని పాట ఒకటి రేడియోలో వచ్చి అయిపోగానే, రికార్డులో దాని తర్వాత ఉండే పాట మొదలెట్టేస్తుంది నా నోరు. రేడియోలో వేరే పాట వస్తే ఒక్క క్షణం ఏదో తప్పిపోయినట్టు ఉంటుంది.

నాన్నగారు 'హిట్స్' మనిషి. ఘంటసాల హిట్స్, సుశీల హిట్స్, భక్తి గీతాలు, విషాద గీతాలు, అట్ట మీద ఇలాంటి పేరు ఉంటే చాలు కొనేవారు. మా బాబాయి దీనికి పూర్తిగా వ్యతిరేకి. విశాఖలో ఉద్యోగం చేస్తూ పండగలకు వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా ఒక సినిమా రికార్డో క్యాసెట్టో తెచ్చేవాడు. "అన్నయ్యా, నువ్వు కూరలో ముక్కలు ఏరుకుని తినే రకం. పులుసు ఎవరు తింటారు?" అనేవాడు. "నాకున్న డబ్బుకి ముక్కలే వస్తాయిరా" అనేవారు నాన్నగారు. ఈ వాదన మా ఇంట్లో ఏళ్ల తరబడి నడిచింది. సంక్రాంతికి మొదలైతే కనుమ నాటికి కూడా తేలేది కాదు. వింటూ పెరిగిన నాకు ఇప్పుడు ఒక అభిప్రాయం ఏర్పడింది. ఇద్దరూ కరెక్టే, కాకపోతే ఇద్దరూ వేరు వేరు కాలాల పాటల గురించి మాట్లాడుతున్నారు. తేడా రుచిలో లేదు, రికార్డులోనే ఉంది.

నాన్నగారు ప్రాణం పెట్టిన 1950ల పాటలు పుట్టింది 78 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల మీద. పక్కకు మూడు, మూడున్నర నిమిషాలు. ఒక వైపు ఒక పాట, రెండో వైపు ఇంకోటి. సినిమాలో పది పాటలుంటే ఐదు రికార్డులు. పాట పెద్దదైతే దాన్ని రెండు ముక్కలు చేసి, సగం ఒక పక్క, సగం ఇంకో పక్క వేసేవారు. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేని పాటలు కూడా ఉన్నాయి, చోటు చాలక. అప్పట్లో జనం కొన్నది పాటనే, సినిమా పాటల సెట్టును కాదు. తర్వాత 45 ఆర్‌పీఎం ఈపీలు వచ్చాయి, మామూలుగా నాలుగు పాటలు. ఆ పైన ఎల్పీ, పక్కకు ఇరవై నిమిషాల పైచిలుకు. మూడున్నర నిమిషాల పాటలు ఆరు సరిగ్గా సరిపోతాయి. మా ఘంటసాల గారు పన్నెండు పాటల్లో ఇమిడిపోవటానికి కారణం ఆ గాడి పొడవే.

అంటే ఆ పాత పాటలకు మొదటి నుంచీ 'ఆల్బమ్' అనేదే లేదు. విడి విడి రికార్డులుగా, ఊరికి నాలుగు ఇళ్లలో చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఎవరో ఏరి ఒక చోట చేర్చారు. దాన్ని ముక్కలు ఏరటం అనకూడదు. కవి విడివిడిగా పత్రికల్లో రాసిన పద్యాలు పుస్తకంగా వస్తే మనం చులకన చేస్తామా? ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆ తర్వాత పుట్టిన నాలాంటివాళ్లకు ఆయన్ని పరిచయం చేసింది సినిమా హాళ్లు కాదు. గుడి మైకులో ఆయన భగవద్గీత, ఇంట్లో ఇలాంటి హిట్స్ రికార్డు. నా వరకు ఆ రికార్డు ప్రతి పైసాకీ విలువైనదే.

అయితే ఏరే చెయ్యి ఎవరిదో అట్ట మీద ఎక్కడా ఉండేది కాదు. హెచ్‌ఎంవీ కంపెనీ కుక్క బొమ్మ ఉండేది, రికార్డు తయారైన చోటు కలకత్తా డమ్‌డమ్ అని ఉండేది, ఎంపిక చేసిన మనిషి పేరు మాత్రం ఉండదు. నాకు ఇది ఇప్పటికీ బాధ. ఎందుకంటే తీసుకున్నవాటి కంటే వదిలేసినవాటిలో ఆ మనిషి ఎక్కువ కనిపిస్తాడు.

దేవదాసు (1953) సంగతి చూడండి. ఘంటసాల హిట్స్ అనగానే 'జగమే మాయ', 'కుడి ఎడమైతే' తప్పకుండా ఉంటాయి. ఉండాలి కూడా. కానీ అదే సినిమాలో కె. రాణి పాడిన 'అంతా భ్రాంతియేనా' ఉంది. ఆర్. బాలసరస్వతీ దేవి గారు పాడిన 'ఇంత తెలిసియుండి', క్షేత్రయ్య పదం, ఉంది. మొదటిది పార్వతి గుండె, రెండోది చంద్రముఖి ఇంటి పాట. ఘంటసాల గారి పేరుతో ఏరితే ఆ ఇద్దరూ బయటికి పోతారు. మిగిలేది దేవదాసు ఒక్కడు, చేతిలో సీసాతో. బాబాయి ఒక పండక్కి ఆ సినిమా పాటలన్నీ వరసగా వినిపించాక నాకు అర్థమైంది, ఆ కథలో ఏడ్చింది అతను ఒక్కడే కాదని. సంగీతం కట్టిన సి.ఆర్. సుబ్బరామన్ గారు సినిమా విడుదలకు ముందే, 1952లో, చిన్న వయసులో కన్నుమూశారు. ఆయన కట్టినవన్నీ ఒకే వరసలో వింటే గానీ ఆ మనిషి ఎంతటివాడో తెలియదు. ఏ 'హిట్స్' అట్ట మీదా ఆయన బొమ్మ నేను చూడలేదు.

మాయాబజార్ (1957) కూడా అంతే. దానికి సంగీతం ఘంటసాల గారిదే. అయినా మా రికార్డులో 'వివాహ భోజనంబు' ఉండదు, ఎందుకంటే పాడింది మాధవపెద్ది సత్యం గారు. పిల్లలందరికీ మొట్టమొదట నోటికొచ్చే పాట అది. మాధవపెద్ది గారు, పిఠాపురం నాగేశ్వరరావు గారు కలిసి కులగోత్రాలులో పాడిన 'అయ్యయ్యో చేతిలో డబ్బులు పోయెనే' పెళ్లి భోజనాల దగ్గర పేకాట మొదలైందంటే ఎవరో ఒకరు ఎత్తుకోవాల్సిందే. అలాంటి గొంతులకు సొంతంగా ఒక రికార్డు మా ఊరి షాపుల్లో నాకు ఎప్పుడూ కనపడలేదు. పెద్ద గాయకుల హిట్స్ పక్కన వీళ్లకు చోటు లేదు, వీళ్ల పేరుతో వేరే హిట్స్ లేవు. ఈ లోటును తీర్చింది రేడియో. వివిధ భారతి, దాని కంటే ముందు రేడియో సిలోన్. సిలోన్‌లో తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినిపిస్తే మా అమ్మ పొయ్యి మీద ఏమున్నా మంట తగ్గించి వచ్చేసేది. ఆవిడ వేసే పాటల్లో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనే లెక్క ఉండేది కాదు.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. మా వీధిలో మొదటి టూ ఇన్ వన్, అదే రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసిన మిషను, కువైట్ నుంచి వచ్చింది. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే రోజులు. క్యాసెట్టుతో లెక్క మొత్తం మారిపోయింది. సీ-60 అంటే పక్కకు ముప్పై నిమిషాలు. ఒక సినిమాలో ఉండే ఐదారు పాటలు ఒక పక్కలో పడతాయి. మరి రెండో పక్క? అక్కడ ఇంకో సినిమా వేసేవారు. 'రెండు సినిమాల క్యాసెట్టు' అని అడిగితే షాపాయన వరసగా తీసి బల్ల మీద పేర్చేవాడు. "ఆయ్, ఇందులో ఒక పక్క మీరడిగిందేనండి. రెండో పక్క కూడా బాగుంటదండి, ఇనండి." మనం ఒక సినిమా కోసం కొంటాం, వెనక ఉన్నది పేరు కూడా వినని సినిమా. ఆడిందో లేదో తెలియదు. కానీ టేపు తిప్పి పెట్టే బద్ధకానికి వింటూ ఉంటాం, నెల తిరిగేసరికి ఆ రెండో పక్కే అరిగిపోతుంది. నేను ఇళయరాజా గారి పాటలు చాలా భాగం అలా రెండో పక్కల మీద కనిపెట్టుకున్నవే. హిట్స్ క్యాసెట్టు ఈ పని ఎన్నటికీ చెయ్యలేదు. అందులో ఉన్నవన్నీ ముందే గెలిచిన పాటలు.

ఇక్కడికి వచ్చేసరికి బాబాయి గెలిచాడు. 1980లలో పాటలు కట్టిన తీరే వేరు. అభినందన (1988) తీసుకోండి. సంగీతం ఇళయరాజా, అన్ని పాటలూ ఆత్రేయ. బాలు గారు, జానకి గారు. ఒకే కథ, ఒకే దిగులు, ఆరేడు పాటల్లో తిరిగి తిరిగి వస్తుంది. 'మంచు కురిసే వేళలో' సంతోషంగా విన్నవాళ్లకే 'ఎదుట నీవే' గుచ్చుకుంటుంది. నేను కొన్న ఒక ఇళయరాజా హిట్స్ క్యాసెట్టులో 'ఎదుట నీవే' ఉంది, దాని వెనకే ఏదో హుషారైన డ్యూయెట్టు. పాట అదే, గొంతు అదే, కానీ ఏడుపు మధ్యలో ఎవరో వచ్చి భుజం మీద చరిచినట్టు ఉండేది. సాగరసంగమం (1983) నుంచి 'మౌనమేలనోయి' ప్రతి హిట్స్‌లోనూ ఉంటుంది. అదే సినిమాలో జానకి గారు పాడిన త్యాగరాజ కీర్తన 'బాల కనకమయ' మా ఇంటికి వచ్చిన ఏ హిట్స్‌లోనూ లేదు. సినిమా పాటగా అది చిన్నదే, సందర్భం కోసం పెట్టిందే. కానీ క్యాసెట్టు మొత్తం వినేవాళ్లకు ఆ కీర్తన ఒక ఊపిరి తీసుకునే చోటు. అది లేకపోతే మిగతావి ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

అందుకే ఎవరైనా అడిగితే నేను ఇలా చెబుతాను. క్యాసెట్టు కాలం సినిమా అయితే సినిమా మొత్తం కొనండి. 78 రికార్డుల కాలం పాటలైతే హిట్స్ కొనండి, మొహమాటపడొద్దు.

హిట్స్‌లో కూడా గాయకుల పేరుతో వచ్చేవి, హీరోల పేరుతో వచ్చేవి ఎక్కువ. ఎన్టీఆర్ హిట్స్, ఏఎన్నార్ హిట్స్. అవి నాకు పెద్దగా పట్టవు. గీత రచయిత పేరుతో వచ్చిన సంకలనం మాత్రం ఎక్కడ కనిపించినా వదలను. ఇంటర్మీడియట్ రోజుల్లో ఒక ఆత్రేయ పాటల క్యాసెట్టు దొరికింది. అప్పటిదాకా 'ముద్దబంతి పూవులో' అంటే మూగమనసులు, 'నీవు లేక వీణ' అంటే సుశీల గారు, 'మనసు గతి ఇంతే' అంటే ప్రేమనగర్, నాగేశ్వరరావు గారు. 'మౌనమే నీ భాష' అంటే బాలమురళీకృష్ణ గారు. అన్నీ వేరు వేరు అలమరాల్లో ఉండేవి. ఒకే క్యాసెట్టులో వరసగా వింటే, మనసు అనే ఒక్క మాట పట్టుకుని ఆ మనిషి ఎన్నేళ్లు తిరిగాడో చెవికే తెలిసిపోయింది. 1964లో మూగమనసులకు రాసిన చెయ్యే, 1988లో అభినందనకు రాసింది. ఆ మరుసటి ఏడే ఆత్రేయ గారు పోయారు. సినిమా సినిమాగా వింటే ఈ దారం దొరకదు. బాబాయికి ఆ క్యాసెట్టు వినిపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ, "ఇలాంటిదైతే నేనూ కొంటాన్రా" అన్నాడు.

అసలు విషయం ఏమిటంటే, నా ఎరుకలో అన్నిటికంటే మంచి హిట్స్ క్యాసెట్టు చేసింది ఆ బాబాయే. అమ్మ కోసం. అప్పట్లో ప్రతి ఊళ్లో రికార్డింగ్ సెంటర్లు ఉండేవి గుర్తుందా? ఖాళీ క్యాసెట్టు, పాటల లిస్టు ఇస్తే రెండు మూడు రోజుల్లో నింపి ఇచ్చేవారు. అమ్మకు సుశీల గారంటే ప్రాణం. బాబాయి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, కాగితం మీద రాస్తూ, "వదినా, ఇదా? అదా?" అని అడుగుతూ ఉండేవాడు. అమ్మ చారు పోపు పెడుతూనే, "అది వద్దయ్యా, అది అందరి దగ్గరా ఉంది" అనేది. సుశీల గారు పాడిన పాటలు 17,695 అని 2016లో గిన్నిస్ వాళ్లు లెక్క రాశారు. ఆ సముద్రంలోంచి ఒక సీ-60కి పట్టేవి పదహారు. మా అమ్మ ఎంచుకున్న పదహారులో సగం ఏ కంపెనీ హిట్స్‌లోనూ లేవు. జోలపాటలు, నోము పాటలు, సినిమా పేరు ఆవిడకే గుర్తులేని ఒక పాట. షాపువాళ్లకు ఆ పాట దొరకటానికి చాలా రోజులు పట్టింది. చివరి పాట రెండో చరణంలో టేపు అయిపోయి తెగిపోయింది. అమ్మ ఆ తెగిన చోటు నుంచి మిగతాది తను పాడుకునేది. ఎవరి కోసం ఏరుతున్నామో తెలిసి ఏరిన సంకలనానికీ, గోడౌన్‌లో ఉన్నవి పేర్చి అట్ట వేసినదానికీ తేడా నాకు అక్కడే తెలిసింది.

రెండో రకం చాలా చూశాం కూడా. క్యాసెట్ల గిరాకీ బాగా పెరిగాక అట్ట మీద ఘంటసాల గారి బొమ్మ, లోపల వేరెవరో పాడిన గొంతు. 'పాడినవారు' అని చీమ తలంత అక్షరాల్లో ఉంటుంది. నాన్నగారు బస్టాండులో అలాంటిది ఒకటి కొని తెచ్చి, మొదటి పల్లవి పూర్తి కాకముందే ఆపేశారు. కోపం కంటే ఎక్కువగా అవమానం పడ్డట్టు కనిపించారు. పాడిన కుర్రాడి తప్పేమీ లేదు, బాగానే పాడాడు. కానీ బొమ్మ చూపించి గొంతు మార్చటం మోసమే. ఇంకొన్నిటిలో పాత పాట వెనక కొత్త డ్రమ్ములు జోడించారు. ఇంకొన్నిటిలో సాకీ, అంటే పల్లవికి ముందు తాళం లేకుండా పాడే ముక్కను, కత్తిరించి నేరుగా పల్లవిలోకి దూకుతారు. సాకీ లేకుండా మొదలయ్యే పాట నాకు గుమ్మం లేని ఇల్లు. ఆ తర్వాత ఎంపీ3 సీడీలు వచ్చాయి. ఒక్క డిస్కులో వంద పాటలు, నూట యాభై పాటలు. ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఏ సినిమా, ఏ ఏడు అనేది పూర్తిగా మాయమైంది. వందలో ఒక్కటీ మనసులో నిలవలేదు.

మా మేనకోడలు హైదరాబాద్‌లో ఉంటుంది, ఈ మధ్యే పాత పాటల మీద మోజు పడింది. "మావయ్యా, ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా, ఈ పాత సీడీలు, రికార్డులు కొనటం దండగేమో" అంది. అన్నీ లేవమ్మా అన్నాను. 78 నుంచి ఎల్పీకి, ఎల్పీ నుంచి క్యాసెట్టుకు, అక్కడి నుంచి సీడీకి మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని ఇది ఉంచుదాం, అది వదిలేద్దాం అని తేల్చారు. వదిలేసిన పాట మళ్లీ వెలుగు చూడాలంటే, చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారిలా వేల కొద్దీ పాత రికార్డులు దాచిన మనిషి ఉండాలి. ఆయన లాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? కాబట్టి అట్ట మీద సినిమా పేరు, సంవత్సరం, రచయిత, సంగీత దర్శకుడు, పాడినవాళ్లు ఇవన్నీ శ్రద్ధగా వేసిన పాత సంకలనం కనిపిస్తే కొనేయమన్నాను. ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల మధ్య ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతాయి. వినటానికి మిషను లేకపోయినా ఆ అట్ట చదవటానికైనా కొనాలి. ఏ పాట ఎవరిదో తెలియకుండా వినటం నాకు చేతకాదు.

నాకు ఒకటే కోరిక. నా చేతికి అవకాశం ఇస్తే ఏ.ఎం. రాజా గారికి ఒక ఎల్పీ చేస్తాను, పన్నెండు పాటలే. మిస్సమ్మ (1955)లో రామారావు గారికి పాడింది ఆయనే అని ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. ఘంటసాల హిట్స్‌లో ఆ పాటలు ఉండవు కాబట్టి వాటి సొంతదారు ఎవరో మరుగున పడిపోయింది. 1989లో రైలు ప్రమాదంలో పోయారు ఆయన. మొదటి పక్క 'తెలుసుకొనవె యువతి'తో మొదలుపెడతాను, వెంటనే లీల గారితో 'రావోయి చందమామ', ఆ తర్వాత విప్రనారాయణ నుంచి 'చూడుమదే చెలియా'. రెండో పక్క జిక్కి గారితో కలిపి చేస్తాను, భార్యాభర్తలు కదా. పెళ్లికానుక (1960) నుంచి ఆవిడ పాడిన 'పులకించని మది పులకించు' అందులో ముందు ఉండాలి. ఆ సినిమాకు బాణీలు కట్టింది కూడా రాజా గారే కాబట్టి, చివరి పాటగా అందులోదే, సుశీల గారితో పాడిన 'కన్నులతో పలుకరించు వలపులు' వేస్తాను. అట్ట వెనక, కింద కుడి మూలన, పాటలు ఏరింది ఎవరో పేరు కూడా వేయిస్తాను.